మేస్త్రీ అడ్వాన్సు, సర్కారు కార్డు: పాలమూరు దళితుల పని చరిత్ర

నిరుద్యోగం గురించి మనకు చెప్పే చరిత్ర ఎప్పుడూ డిగ్రీ పట్టా దగ్గరే మొదలవుతుంది. పట్టా ఉండి కొలువు లేనివాడు నిరుద్యోగి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాడల్లో పంట కోతలు కాగానే చేతికి పని లేకుండా పోయే మాల, మాదిగ కూలి మాత్రం ఆ లెక్కలోకి రాడు. అతన్ని 'వలస కూలి' అని వేరే ఖాతాలో రాస్తరు. పని చూపించే బాధ్యత నెత్తికెత్తుకున్న ప్రభుత్వం ఎవరిని మనసులో పెట్టుకొని చట్టాలు చేసింది, ఎవరిని వదిలేసింది అన్నదే మా ప్రశ్న.

గద్వాల, వనపర్తి సంస్థానాల కాలంలో మనవాళ్ళకు పనికి కొదవ లేదు, కూలికే కొదవ. బేగారి, మస్కూరి, నీరటి అని పేర్లు పెట్టి తరతరాలు వెట్టి చేయించుకున్నరు. 1948 తర్వాత సంస్థానాలు పోయినయి గానీ భూమి వాడకు రాలేదు. భూమి లేని చేతులను వెతుక్కుంటూ వచ్చినవాడు గుంపు మేస్త్రీ. కాంట్రాక్టరు సొమ్ము పెద్ద మేస్త్రీకి, ఆయన నుంచి గుంపు మేస్త్రీకి, అక్కడినుంచి వాడలోకి అడ్వాన్సుగా వచ్చేది. పెండ్లికో, రోగానికో, పాత బాకీకో ఆ పైసలు అయిపోయేవి. ఆ బాకీ తీరేదాకా ఆలుమగలు కట్ట మీద, కాలువలో మట్టి మోసేవారు. దేశంలోని ఆనకట్టలకు 'పాలమూరు లేబర్' అన్న పేరు ఇట్లా పరిచయమైంది.

ఇదే కాలంలో సర్కారు తెరిచిన పని దుకాణం ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజ్. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల కోసం 1945లో మొదలై, 1948లో అందరికీ తెరుచుకుంది. ఖాళీలను తప్పనిసరిగా తెలపాలని 1959లో చట్టం వచ్చింది. ఆ చట్టంలోని మూడో సెక్షన్ మనం చదవాలె. ప్రైవేటు వ్యవసాయంలో యంత్రాలు నడిపేవాళ్ళ పని తప్ప మిగతా పనులు, ఇంటి చాకిరి, మూడు నెలల లోపు పని, నైపుణ్యం అక్కరలేని ఆఫీసు పని: వీటి ఖాళీలు తెలపనక్కర లేదన్నది. మన అమ్మానాయనలు చేసిన పనుల్లో చాలావరకు ఈ జాబితాలోనే ఉన్నయి. తెలిపిన ఖాళీలనైనా ఎక్స్‌ఛేంజ్ పంపినవాళ్ళతోనే నింపాలన్న నిర్బంధం యజమాని మీద లేదని నాలుగో సెక్షన్ చెప్పింది. చదువుకున్న మొదటి తరం పిల్లలు మహబూబ్‌నగర్ పోయి కార్డు తెచ్చుకొని, రెన్యువల్ చేయించుకుంటూ కూసున్నరు. వాళ్ళ తల్లిదండ్రులకు ఆ కార్డు కూడా లేదు. 2025 నవంబర్‌లో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టం పోయింది.

1976 వెట్టిచాకిరి రద్దు చట్టం అడ్వాన్సుతో కట్టేసే పనిని నేరమన్నది, బాకీ కొట్టేసింది. మంచిదే. కానీ వచ్చే ఏడు బిడ్డ పెండ్లికి పైసలు ఎవరిస్తరు? దానికి చట్టంలో జవాబు లేదు, మేస్త్రీ దగ్గర ఉంది.

2006 ఫిబ్రవరిలో మొదలైన ఉపాధి హామీ ఈ చరిత్రలో నిజమైన మలుపు. మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. పట్టా అడగలేదు, సర్టిఫికెట్ అడగలేదు. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని, లేకుంటే నిరుద్యోగ భృతి. ఏడాదికి ఇంటికి 100 రోజులు. ఆడ, మగకు ఒకే కూలి. సొంత ఊర్లోనే పని దొరికే దారి ఉండటంతో కూలిరేటు గురించి దొర ముందర నోరు తెరిచే ధైర్యం వచ్చింది. అయినా ఒక లోపం మిగిలింది. మేస్త్రీ పైసలు పనికి ముందు వస్తయి, సర్కారు పైసలు పని తర్వాత, అదీ ఆలస్యంగా. ఆకలి కాలంలో ఈ తేడాయే వలస బండి ఎక్కించింది.

2025 డిసెంబర్‌లో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రోజులు 125కు పెరిగినయి. కానీ నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చునన్నది. ఎవరి పొలానికి కూలీల కొరత రావద్దని ఈ ఏర్పాటు? కూలిరేటు మీద బేరమాడే బలం కూలికి ఉండేది ఆ రెండు నెలలే. సరిగ్గా అప్పుడే సర్కారు పక్కకు జరిగితే, లాభం భూమి ఉన్నోళ్ళకే.

కాబట్టి 'ఎన్ని రోజులు' అన్న లెక్కతోనే సంఘాలు, విద్యార్థులు ఆగిపోవద్దు. పని అడిగిన ప్రతి దరఖాస్తుకు తేదీ వేసిన రసీదు తీసుకోవాలె. ఆగిన కూలి లెక్క గ్రామసభలో చదివించాలె. పనికి ముందే కొంత కూలి ఇవ్వాలన్న డిమాండు పెట్టాలె. మేస్త్రీ తరతరాలుగా వాడకు ఇస్తున్నది అదే. వడ్డీ లేకుండా, కట్టేయకుండా దాన్ని ఇవ్వడం సర్కారుకు చేతకాని పనేమీ కాదు.