అండర్‌గ్రౌండ్ హౌస్, టెక్నో సంగీత విడుదలలు: ధ్వని స్వరూపం - హక్కుల చరిత్ర

వ్యాససంగ్రహం:
1980ల నుంచి షికాగో, డెట్రాయిట్ నగరాల్లో నల్లజాతి యువకులు రూపొందించిన హౌస్, టెక్నో సంగీతాలు ‘అండర్‌గ్రౌండ్’ సంగీతంగా ప్రసిద్ధి పొందాయి. ఈ మాట ఒక ధ్వని లక్షణాన్ని మాత్రమే కాక, రికార్డుపై హక్కు ఎవరిదనే ప్రశ్నను కూడా సూచిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హౌస్, టెక్నో, డెట్రాయిట్, వినైల్ రికార్డు, స్వతంత్ర సంస్థలు, హక్కులు.

1. ఉపోద్ఘాతం:
సంగీత చరిత్రను సాధారణంగా గాయకులు, స్వరకర్తలు కేంద్రంగా రాస్తారు. హౌస్, టెక్నోల విషయంలో ఈ పద్ధతి చాలదు. వీటిలో అనేక రచనలకు సాహిత్యం ఉండదు. ఒకే కళాకారుడు పలు మారుపేర్లతో రికార్డులు వెలువరిస్తాడు. అందువల్ల 12 అంగుళాల వినైల్ రికార్డే ఇక్కడ ప్రధాన చారిత్రక ఆధారం. దానిని ఎవరు తయారు చేశారు, ఎవరు అమ్మారు అనే విషయాలు సంగీత పరిశీలనలో భాగమవుతాయి.

2. నేపథ్యం:
షికాగోలో 1977లో ప్రారంభమైన ‘వేర్‌హౌస్’ క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ వినిపించిన సంగీతం నుంచే ‘హౌస్’ అనే పేరు వచ్చిందని బహుళ ప్రచారంలో ఉంది. డెట్రాయిట్ పరిస్థితి వేరు. 1950లో సుమారు 18.5 లక్షలున్న ఆ నగర జనాభా 1990 నాటికి 10.3 లక్షలకు తగ్గింది. కార్ల పరిశ్రమ క్షీణత, శ్వేతజాతీయులు శివార్లకు తరలిపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. ఆ నగరానికి సమీపంలోని బెల్‌విల్‌లో చదువుకున్న జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నోకు ఆద్యులుగా గుర్తింపు పొందారు. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందపు యాంత్రిక ధ్వనులూ, అమెరికన్ ఫంక్ సంగీతమూ వీరిని సమానంగా ప్రభావితం చేశాయి. రోలాండ్ సంస్థ తయారుచేసిన టి.ఆర్-808, టి.బి-303 వంటి యంత్రాలు మార్కెట్‌లో విఫలమై, పాత సరుకుగా చౌకగా దొరకడం కూడా ఈ తరానికి కలిసివచ్చింది.

3. ధ్వని స్వరూపం:
ఈ సంగీతానికి ఆధారం నాలుగు మాత్రల ఆవర్తం. ప్రతి మాత్రపైనా సమాన బలంతో డ్రమ్ము దెబ్బ పడుతుంది. ఈ కఠినమైన లయపై మంద్రమైన, విషాద ఛాయలున్న స్వరసమూహాలు సాగడమే దీనిలోని ప్రత్యేకత. లారీ హెర్డ్ ‘మిస్టర్ ఫింగర్స్’ పేరుతో 1986లో వెలువరించిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ ఇందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. డెరిక్ మే ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ (1987)లో బేస్ వాద్య స్వరం అసలు లేదు. పియానో, తంత్రీవాద్య ధ్వనులే రచనను నడిపిస్తాయి.

ఈ చీకటి ఛాయను శిథిల నగరానికి ప్రతిబింబంగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే హెర్డ్ రచన షికాగోలో పుట్టింది. దానిలో వినిపించేది శిథిలత్వం కన్నా ఆర్ద్రత. కనుక నగర పతనం ఒక్కటే ఈ ధ్వనికి కారణమనడం సమంజసం కాదు.

4. విడుదల - యాజమాన్యం:
అట్కిన్స్ 1985లో ‘మెట్రోప్లెక్స్’ను, మే 1986లో ‘ట్రాన్స్‌మాట్’ను స్థాపించారు. సొంత సంస్థలు ఎందుకు అవసరమయ్యాయో షికాగో అనుభవం స్పష్టం చేస్తుంది. ‘ట్రాక్స్ రికార్డ్స్’ ద్వారా వెలువడిన తమ రచనల హక్కుల కోసం హెర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 2020లో దావా వేశారు. 2022లో కుదిరిన రాజీతో హక్కులు వారికి తిరిగి దక్కాయి. అప్పటికి ఆ రచనలు వెలువడి మూడు దశాబ్దాలు దాటింది.

డెట్రాయిట్‌లో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ ప్రారంభించిన ‘అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్’ (యు.ఆర్.) ఈ స్వతంత్ర దృక్పథాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. సభ్యులు ముసుగులు ధరించి వ్యక్తిగత ప్రచారాన్ని తిరస్కరించారు. 1992లో ‘సబ్‌మర్జ్’ అనే పంపిణీ సంస్థ కూడా ఏర్పడింది. 1999లో ఈ సంస్థ వెలువరించిన ‘నైట్స్ ఆఫ్ ది జాగ్వార్’ విశేషాదరణ పొందగా, జర్మనీలోని సోనీ విభాగం యు.ఆర్. సమ్మతి లేకుండా అదే బాణీకి మరో రూపాన్ని తెచ్చింది. అభిమానుల నిరసనతో సోనీ వెనక్కి తగ్గింది.

రాయల్టీ చెల్లించి బాణీని మళ్లీ రికార్డు చేయడానికి చాలా దేశాల్లో చట్టపరమైన అవకాశం ఉంది. కనుక ఈ వివాదం డబ్బుకు మాత్రమే సంబంధించినది కాదు. తన రచనను ఫలానా మార్కెట్‌కు ఇవ్వనని చెప్పే హక్కు సృష్టికర్తకు ఉందా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న.

5. భారతీయ సాదృశ్యం:
చరణ్‌జిత్ సింగ్ 1982లో అవే రోలాండ్ యంత్రాలతో పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు. 2010లో పునర్ముద్రణ పొందాక దానిని ‘తొలి యాసిడ్ హౌస్’గా కొందరు కీర్తించారు. అయితే ఆ రికార్డు షికాగో కళాకారులకు చేరిందనడానికి ఆధారం లేదు. ఒకే యంత్రం రెండుచోట్ల ఒకే తరహా ధ్వనికి దారితీసింది. సాదృశ్యాన్ని ప్రభావంగా భావించరాదని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

6. ముగింపు:
హౌస్, టెక్నోల శ్రావ్యత చౌకగా దొరికిన యంత్రాలు, నగర జీవితం, కళాకారుల వ్యక్తిగత ప్రతిభ కలిసి రూపొందించినది. ‘అండర్‌గ్రౌండ్’ అన్న మాటకు మాత్రం ధ్వనిలో కన్నా విడుదల విధానంలోనే స్పష్టమైన అర్థం కనిపిస్తుంది. జానపద బాణీలు సినిమా పాటలుగా మారుతున్న మన ప్రాంతాల్లో సైతం సృష్టికర్తకు దక్కే పారితోషికంతోపాటు అతని సమ్మతిని గురించి పరిశోధకులు చర్చించవలసి ఉంది.