తెగులు మందుల జాడ తీయు విద్య: దాని చరిత్ర

నందిదుర్గ ప్రాంతపు కొండలలో పుట్టిన దక్షిణ పినాకిని, హోసూరు మీదుగా కృష్ణగిరి జలాశయమును చేరి, అటనుండి కావేరిపట్టణము నొరసికొని పారుచున్నది. ఈ తీరమున మామిడితోటలు విస్తారము. తోతాపురి పండ్ల గుజ్జు తీసి విదేశములకు పంపు కర్మాగారము లిచట నెలకొని యున్నవి. ఈ తోటలపై ఆధారపడి బ్రతుకు కుటుంబములలో తెలుగువారును గలరు. కావున పంటపైనను నీటిలోను మిగులు తెగులు మందును కనిపెట్టు విద్య మనకు పరాయిది కాదు.

1885లో ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిలార్డే, మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమము ద్రాక్షతెగులు నణచునని ప్రకటించెను. 1910 ప్రాంతమున మైసూరు సంస్థానమున కోల్మన్ దొర ఆ మిశ్రమమునే పోకతోటల కొళెరోగముపై ప్రయోగించెను. ఆ మందు ఆకుపై నీలిపూతగా కంటికి కనబడెడిది. 1934లో అమెరికాలో డైథయోకార్బమేటు మందులకు పేటెంటు లభించెను. థైరాము ఆ వర్గములోనిదే. 1970 తరువాత వ్యాపించిన కార్బెండజిమ్ మొక్క కణజాలములోనికే చొచ్చును. మామిడిపూతకు పట్టు బూడిద తెగులునకును, కాయకు వచ్చు మచ్చ తెగులునకును దీనిని చల్లుట కలదు. మందు కంటికి కనబడకుండ పోయినకొలది దానిని కొలుచుట కష్టమాయెను.

కొలత యెంత సూక్ష్మమో రెండు సంఘటనలు తెలుపును. 2003లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము సీసా నీళ్లలో పురుగుమందుల శేషము లున్నవని వెల్లడింపగా, ప్రభుత్వము ఒక్కొక్క మందునకు లీటరునకు 0.0001 మిల్లీగ్రాము మితిగా నిర్ణయించెను. అనగా కోటి లీటర్ల నీటిలో ఒక్క గ్రాము! 2012లో అమెరికా ప్రభుత్వము, బ్రెజిల్ నారింజరసములో కార్బెండజిమ్ కనబడుటచే, దిగుమతి సరకును పరీక్షించి, నూరు కోట్ల పాళ్లలో 10 పాళ్లు మించినదానిని త్రిప్పి పంపెను. నారింజరసమునకు వచ్చిన ఆపద మామిడిగుజ్జునకు రాదని చెప్పజాలము.

ఇట్టి పరీక్షకు పెద్ద ప్రయోగశాలలు, ఖరీదైన యంత్రములు కావలెను. వాని పని తేలిక చేయగల మార్గము మరియొక దిక్కున పెరుగుచు వచ్చినది. 1857లో ఫారడే, నీటిలో తేలు మిక్కిలి సూక్ష్మమైన బంగారు రేణువులు ఎర్రగా నుండుననియు, ఉప్పు కలిపినచో నీలమునకు తిరుగుననియు చూపెను. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న సి.వి. రామన్, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో, పదార్థముపై పడి చెదరిన వెలుగులో స్వల్పభాగము రంగు మారునని ప్రకటించెను. ఆ మార్పు ఆ పదార్థపు వ్రేలిముద్ర వంటిది. కాని అతి క్షీణమైనది. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ నగరమున, గరుకు చేసిన వెండిపై ఆ వెలుగు ప్రబలముగా కనబడెను. అది లోహపు ఉపరితల మహిమయే యని 1977లో రెండు పరిశోధక బృందములు గుర్తించెను.

ఈ రెండు దారులు నేడు నానో పదార్థములలో కలిసినవి. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. థైరాములోని గంధకము బంగారు, వెండి రేణువులను గట్టిగా పట్టుకొనును. అందువలన దాని వ్రేలిముద్ర స్పష్టముగా వెలువడును. రేణువులు గుమిగూడినచో ద్రవము ఎరుపునుండి నీలమునకు తిరిగి, కంటికే సూచన నిచ్చును. అయితే శుద్ధజలమున తేలికయైన పరీక్ష గుజ్జులో కఠినమగును. పండులోని ఇతర పదార్థములును రేణువుల నంటి, మందు జాడను మరుగుపరచును. కావున తోటలో చేయు పరీక్ష అనుమానపు సరకును వేరుచేయుటకే, తుదితీర్పు ప్రయోగశాలదే.

అయినను ఆ తొలి సూచన విలువ తక్కువది కాదు. గుజ్జు సముద్రము దాటి తిరిగి వచ్చిన పిదప తప్పు తెలిసిన రైతు చేయగలది లేదు; కోతకు ముందే తెలిసిన, కొన్నాళ్లు ఆగవచ్చును. అంతకంటె ముందు, మందు చల్లిన పిమ్మట కోతకు ఎన్నినాళ్లు ఆగవలెనో ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. ఆ మాట బడిలో తెలుగున చదివిన బిడ్డ ఇంట తండ్రికి చెప్పగలడు. ఈ శాస్త్రమును మన పిల్లలకు మన భాషలో అందించుట ఈ సీమ తెలుగువారి కర్తవ్యము.