వానాకాలంలో బీటలు వారిన ఇత్తడి

మన కుశస్థలి ఏరు ఒకప్పుడు ఒక సైన్యాన్నే ఆపింది. 1780 ఆగస్టులో గుంటూరు వైపునుంచి మద్రాసుకు వస్తున్న కల్నల్ బెయిలీ దళం, వరద తీయక ఈ ఏటి ఒడ్డున వారానికి పైగా చిక్కుపడింది. చివరకు దాటింది గాని, సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరలీ, టిప్పుల చేతిలో నాశనమైంది. మందుగుండు బండ్లు పేలిపోవడం ఆ ఓటమికి ఒక ముఖ్య కారణం. మరుసటి ఏడు ఆగస్టులో ఐర్ కూట్ తిరువళ్ళూరు పక్కనే ఉన్న తిరుప్పాచ్చూరు కోటను పట్టుకున్నాడు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల పాఠకులకు ఇవి విన్న సంగతులే. అయితే ఆ సిపాయిల నడుముకున్న తూటా ఎలాంటిదో, అది తరువాత ఏమైందో మనం అంతగా పట్టించుకోలేదు.

ఆనాటి తూటా ఒక కాగితపు పొట్లం. అందులో మందు, గుండు. సిపాయి పంటితో చించి తుపాకి గొట్టంలో పోసేవాడు. వాన తగిలితే పొట్లం పనికిరాదు. ఆ పొట్లానికి పూసిన కొవ్వు గురించిన అనుమానమే 1857లో ఎంత పని చేసిందో అందరికీ తెలుసు. తరువాత కాగితం పోయి ఇత్తడి వచ్చింది. 1866లో బ్రిటిష్ సైన్యం స్నైడర్ తుపాకికి బాక్సర్ అనే అధికారి రూపొందించిన ఇత్తడి తూటాను తీసుకున్నది. తరువాత అతుకు లేకుండా ఒకే ముక్కను సాగదీసిన గొట్టాలు వచ్చాయి. వీటికి వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం.

ఈ ఇత్తడి గొప్పతనం ఒకటుంది. పేలినప్పుడు గొట్టం ఉబ్బి తుపాకి గోడలకు అంటుకుని పొగ వెనక్కి రాకుండా ఆపుతుంది. మరుక్షణం కొంచెం ముడుచుకుని ఊడి వస్తుంది. అంటే కాల్చిన తరువాత కూడా గొట్టం మిగులుతుంది. కాగితం బూడిదవుతుంది గాని ఇత్తడి కాదు. దాన్ని శుభ్రం చేసి మళ్ళీ నింపవచ్చునన్న ఆలోచన అక్కడే పుట్టింది. 1880 ప్రాంతాల్లో అమెరికా సైనికులు గురి అభ్యాసానికి తమ ఖాళీ గొట్టాలను తామే బాగు చేసుకుని వాడుకునేవారు.

ఆ బాగు చేయడంలో మొదటి పని కడగడం. నల్లమందు కాలితే గొట్టంలో మసి, ఉప్పు మిగులుతాయి. అవి గాలిలోని తేమను పీల్చి ఇత్తడిని తింటాయి. కనుక కాల్చిన రోజే వేడినీళ్ళతో కడగాలి. పట్టిన చిలుమును పలుచని ఆమ్లంతో వదిలించాలి. ఆపైన బాగా ఆరబెట్టి, బీటలున్నవాటిని ఏరి పారేసి, సాగినవాటిని కొలతకు తేవాలి. ఆమ్లం గాటుగా ఉన్నా, ఎక్కువసేపు ఉంచినా తుత్తునాగం ముందుగా కరిగిపోయి గొట్టం ఎర్రబారుతుంది. పైకి మెరుస్తుంది, లోపల సత్తువ ఉండదు.

ఇది చదువుతుంటే మన ఆడవాళ్ళకు నవ్వు రావచ్చు. ఇత్తడి బిందెకు చింతపండు రుద్ది, నానబెట్టకుండా వెంటనే కడిగి, తడి లేకుండా తుడిచి ఎండలో బోర్లించడం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ఆయుధశాలలో చేసిన పనికీ, మన పెరటి బావిగట్టు మీద జరిగిన పనికీ సూత్రం ఒక్కటే.

కానీ అసలు చిక్కు కడగడంలో కాదు, దాచడంలో వచ్చింది. అదీ మన దేశంలోనే. వానాకాలంలో సైన్యం కదలికలు తగ్గేవి. తూటాలను గుర్రపుశాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిసి పెట్టెలు తెరిస్తే, ఒక్కసారి కూడా కాల్చని తూటాలకు బీటలు! ముఖ్యంగా గుండును బిగించి నొక్కిన మెడ దగ్గర. ఋతువును బట్టి వచ్చే బీట అని దానికి ఇంగ్లీషులో పేరు పెట్టారు గాని కారణం చాలాకాలం తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దాన్ని విడమర్చి చెప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒక కారణం. ఇత్తడిని చల్లగా ఉన్నప్పుడే సాగదీసి నొక్కడంతో దానిలో ఉండిపోయిన బిగువు రెండో కారణం. బిగువు లేని ఇత్తడిని అమ్మోనియా అలా చీల్చలేదు. మందు కూడా వాళ్ళ పరిశోధనలోనే ఉంది: మెత్తబడిపోనంత తక్కువ సెగలో కొంతసేపు ఉంచితే లోపలి బిగువు సడలుతుంది.

మన కంచరివాళ్ళకు సెగ సంగతి తెలుసు. ఇత్తడి రేకును కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. ఆపకుండా కొడితే పగులుతుంది. అందుకే కొంత కొట్టి, కాల్చి, చల్లార్చి మళ్ళీ కొడతారు. అమ్మోనియా పేరు వాళ్ళు విని ఉండరు. బిగువు పేరుకుంటే లోహం ఓర్చుకోదని మాత్రం వాళ్ళ చేతికి తెలుసు.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, లోహశాస్త్రం నాది కాదు. నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి ఒక శాఖలో మా తుపాకి కాపలాదారు కారణం. మాజీ సైనికుడు. నడికట్టు బిళ్ళను, గుమ్మం మీది ఇత్తడి పలకను బ్రాసోతో తళతళలాడించేవాడు. తూటాల అడుగు ఇత్తడిని మాత్రం పొడిగుడ్డతో తుడిచి ఊరుకునేవాడు. ఎందుకని అడిగితే, “తూటాకు బ్రాసో పెట్టకూడదు సార్, పట్టాళంలో అలాగే చెప్పారు” అన్నాడు. బ్రాసోలో అమ్మోనియా ఉంటుందని నాకు తరువాత తెలిసింది. ఆయనకు కారణం తెలియకపోయినా నియమం తెలుసు. గుర్రపుశాలలో నేర్చిన పాఠం, కారణం రాలిపోయినా నియమంగా ఆయన దాకా చేరింది.

ఖాళీ గొట్టానికి సర్కారు లెక్క కూడా ఉంది. గురి అభ్యాసం కాగానే సైనికులు వాటిని ఏరి, లెక్కపెట్టి అప్పగించాలి. ఇత్తడికి విలువ ఉండడం ఒక కారణం, మళ్ళీ నింపుతారన్న భయం మరొకటి. 1878 ఆయుధ చట్టం నుంచి ఇప్పుడున్న 1959 చట్టం దాకా, అనుమతి లేకుండా తూటాలు తయారు చేయడం నేరమే. మీ తాతగారి పెట్టెలో వేటనాటి తూటా ఏదైనా కనబడితే తోమకండి, తెరవకండి, పోలీసులకు అప్పగించండి.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. వీధిలో ఈయం పూస్తామని కేక వినిపిస్తే, కళాయివాడు వచ్చాడని మన ఇళ్ళలో అనుకునేవారు. ఇప్పుడు ఆ కేకా అరుదే, ఆ మాటా అరుదే. మా బ్యాంకు బంగారం మీద అప్పిస్తుంది గాని ఇత్తడి మీద ఇవ్వదు. గంగాళాలు, బిందెలు తూకానికి పోతున్నాయి. పోతే పోనివ్వండి, నీళ్ళు మోయడానికి స్టీలు తేలికే. కానీ ఎంతసేపు రుద్దాలి, ఎప్పుడు కడిగేయాలి, ఎక్కడ దాచకూడదు అన్న తెలివిని తూకానికి వేయకూడదు. ప్రయోగశాలలో ముగ్గురు కూర్చుని తేల్చినదాంట్లో సగం మన నాయనమ్మల చేతుల్లో ఉండేది. ఆ చేతులు ఇంకా ఉన్న ఇళ్ళలో ఎవరైనా పక్కన కూర్చుని అడిగి, మన మాటల్లోనే రాసిపెడితే బాగుంటుంది.