ముందరి కాళ్లకు బంధం

పశువు దూరం పోకుండా ముందరి కాళ్లు కలిపి కట్టేస్తారు. 'ముందరి కాళ్లకు బంధం' అన్న మన నుడికారం అక్కడిదే. హెడ్‌ఫోన్ డబ్బా మీద కనిపించే 'ఇంపెడెన్స్' కూడా అచ్చంగా అలాంటి మాటే. లాటిన్‌లో 'పెస్' అంటే పాదం, 'ఇంపెదీరె' అంటే కాళ్లకు బంధం వేయటం. ఇంపెడెన్స్ అన్న మాటను 1886లో విద్యుత్తుకు తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్. ఏసీ కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు అది. కొలత ఓమ్‌లలో. తెలుగు పాఠాల్లో అవరోధం.

బయర్‌డైనమిక్ డీటీ 990 హెడ్‌ఫోన్ ఒకే పేరుతో 32, 250, 600 ఓమ్‌లలో వచ్చింది. 250 ఓమ్‌లది మామూలు ఫోన్‌కు తగిలించాను. వాల్యూం చివరిదాకా పెంచినా మృదంగం పక్కింట్లో మోగినట్టుంది. ఫోన్ ఇచ్చే వోల్టేజీ దానికి చాలదు. చిన్న ఆంప్ (ఆంప్లిఫయర్) పెట్టగానే చాపు దెబ్బ చెవి పక్కనే పడింది! ఫోన్‌కైతే 16 నుంచి 32 ఓమ్‌లది హాయి. ఓమ్‌లు పెరిగితే నాణ్యత పెరుగుతుందనుకుని డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అదే సిగ్నల్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే సెన్సిటివిటీ కూడా చూడాలి. ఫోన్ లేదా ఆంప్ సొంత అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌దానిలో ఎనిమిదో వంతు దాటకుంటే మంచిది. దాటితే కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బిపోతుంది.