తూటాల అచ్చు ఇంట్లో ఉంటే ఏమవుతుంది? ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెలవాళ్లు తెలుసుకోవాల్సినవి

యూట్యూబ్‌లో తుపాకుల వీడియో ఒక్కటి చూస్తే చాలు, మర్నాటి నుంచి ఫీడ్ నిండా అవే. వాటిలో ఒక రకం ఉంది. ఎవరో అమెరికాలో షెడ్డులో కూర్చుని సీసం కరిగించి, అచ్చులో పోసి, మెరిసే తూటాలు తీస్తుంటారు. ఏ కంపెనీ అచ్చు మంచిది, ఎంత రేటు అని చాలా మామూలుగా మాట్లాడుకుంటారు. అక్కడ సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తేనే కావాలి. కాబట్టి వాళ్లకి అదొక హాబీ.

మరి చర్లలోనో, దుమ్ముగూడెంలోనో, చింతూరు వైపు పల్లెలోనో ఒక కుర్రాడు అదే అచ్చు తెప్పించుకుంటే? ఆ వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఇదే.

అచ్చు కూడా 'అమ్యునిషన్' కిందికే

మన దగ్గర ఉన్నది ఆయుధాల చట్టం, 1959. ఇది 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. అమ్యునిషన్ అంటే పేలే తూటా ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. సెక్షన్ 2లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రి కూడా అమ్యునిషనే. అంటే మందు లేకపోయినా, తుపాకీ లేకపోయినా, తూటాల కోసమే చేసిన అచ్చు దొరికితే కేసు పెట్టడానికి దారి ఉన్నట్టే.

లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం సెక్షన్ 3 కిందికి వస్తుంది. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. విదేశం నుంచి తెప్పించాలంటే సెక్షన్ 10 అడ్డం వస్తుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాం కదా, పార్శిల్ వచ్చేస్తుందిలే అనుకుంటే పొరపాటే. కస్టమ్స్ దగ్గర ఆగితే ఆ పార్శిల్ మీద ఉండేది ఆర్డర్ పెట్టినవాళ్ల పేరు, ఫోన్ నంబరే.

తుపాకీకి లైసెన్సు ఉన్నా సరే, తూటాలు పోసుకునే హక్కు దాంతో రాదు. ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అవి లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనాలి. మన దేశంలో సామాన్యుల రివాల్వర్లకి వాడే .32 తూటాలు పుణె దగ్గర ఖడ్కీలోని అమ్యునిషన్ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. 2021 అక్టోబర్ నుంచి ఆ ఫ్యాక్టరీ మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది.

శిక్ష ఎంత?

2019 డిసెంబర్‌లో చేసిన సవరణతో లెక్క మొత్తం మారిపోయింది. అంతకుముందు అక్రమ తయారీకి 3 నుంచి 7 ఏళ్లు. ఇప్పుడు సెక్షన్ 25 కింద తక్కువలో తక్కువ 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. జరిమానా అదనం. తయారీ అంటే పెద్ద కార్ఖానా పెట్టక్కర్లేదు. కట్టెల పొయ్యి మీద పది తూటాలు పోసినా తయారీయే. కేవలం దగ్గర పెట్టుకున్నారంటే 2 నుంచి 5 ఏళ్లు. సెక్షన్ 3 కేసుల్లో ప్రాసిక్యూషన్‌కి ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉంది కానీ, అరెస్టుకి అది అడ్డం కాదు.

ఇక్కడో చిన్న మాట. గోదావరి ఒడ్డున వలలకి కట్టే సీసపు గుళ్లు ఇంట్లోనే పోసుకునేవాళ్లు ఉంటారు. అది నేరం కాదు. సీసం గరిటె కనబడగానే కేసు అయిపోదు. ఆ వస్తువు తూటాల కోసమే అని పోలీసులే నిరూపించాలి. కానీ పిస్టల్ తూటా ఆకారం తొలిచిన అచ్చు చేతిలో పెట్టుకుని వలగుళ్ల కోసం అంటే ఎవరు నమ్ముతారు?

ఇక్కడే ఎందుకింత గట్టిగా చూస్తారు

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాక, ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఎటపాక, అది వేరే రాష్ట్రం. చింతూరు మీదుగా ఇంకాస్త పోతే కుంట, అది ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాల పోలీసులు, దశాబ్దాల మావోయిస్టు నేపథ్యం. ఛత్తీస్‌గఢ్ వైపు 'భర్మార్' అనే నాటు తుపాకీ మాట వార్తల్లో రాని నెల తక్కువ. అలాంటి చోట బ్యాగులో తూటాల అచ్చు దొరికితే 'హాబీ సార్' అన్న మాట చెక్‌పోస్టు దగ్గర పనిచేయదు. వీడియో చూసి సరదా పడ్డ కుర్రాడు మొదటి ప్రశ్నకే భయపడి తప్పు సమాధానం చెప్తాడు. కథ అక్కడి నుంచి ఎటైనా పోవచ్చు.

తుపాకీ మీద ఆంక్ష ఈ అడవికి కొత్త కాదు. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన చట్టం భారతీయుల తుపాకులకి లైసెన్సు పెట్టింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడింది ఆయుధాల కోసమే.

కొడగులో కొడవలకి లైసెన్సు మినహాయింపు ఉంది కదా, కోయలకి ఎందుకుండదు అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ఆ మినహాయింపుని కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. కానీ అది కొడగు దాటి ఇటు రాదు. పైగా అది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే, తూటాలు తయారుచేసుకోవడానికి కాదు.

మరి పంట సంగతేంటి?

అసలు బాధ ఇక్కడుంది. మొక్కజొన్న కంకి పట్టే టైంకి అడవి పందులు దిగితే ఒక్క రాత్రిలో చేను పోతుంది. మంచె మీద డబ్బా కొట్టీ కొట్టీ విసిగిన రైతు నాటు తుపాకీ వైపు చూడటంలో వింతేం లేదు.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మజిల్ లోడింగ్ తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని సెక్షన్ 13 చెబుతోంది. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేట్‌కి, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కి. అయితే పాల్వంచ దగ్గర కిన్నెరసాని అభయారణ్యం ఉంది. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి.

లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చొచ్చని కాదు. అడవి పంది షెడ్యూల్ 2లో ఉంది. పంటకి ముప్పు అని తేలితే సెక్షన్ 11 కింద రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అది లేకుండా కొడితే మూడేళ్ల వరకు జైలు. అభయారణ్యం లోపల వేటాడితే 3 నుంచి 7 ఏళ్లు. ఈ కాగితాలన్నీ తిరిగి వచ్చేలోపు పంట చేతికొస్తుందా అంటే, రైతు కోపంలో తప్పులేదు. నష్టపరిహారానికి అటవీ శాఖకి అర్జీ పెట్టేటప్పుడు చేను ఫోటోలు తేదీతో సహా తీసి ఉంచుకోండి.

పొయ్యి దగ్గర పిల్లలు

చట్టం పక్కన పెట్టినా సీసం వదలదు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వంట పొయ్యి మీద పనైపోతుంది, ప్రమాదం కూడా అదే. ఆ మసి, దుమ్ము గిన్నెలకీ బట్టలకీ అంటుకుని పిల్లల నోట్లోకి పోతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే పర్లేదు అనే స్థాయే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక ప్రకారం మన దేశంలో 27 కోట్లకి పైగా పిల్లల రక్తంలో ప్రమాదకర స్థాయిలో సీసం ఉంది. కడుపునొప్పి, రక్తహీనత, చదువులో వెనకబడటం లాంటి లక్షణాలు చూసి ఎవరికీ సీసం అనుమానం రాదు. పిల్లల మెదడుకి జరిగిన నష్టం మళ్లీ పూడదు.

ఇంట్లో పాత తుపాకీయో, అచ్చో ఉంటే?

తాతల నాటి నాటు తుపాకీ చూరులో ఉండిపోయిన ఇళ్లు ఉంటాయి. దాన్ని బాగుచేయించొద్దు, రిపేరు కూడా తయారీతో సమానమైన నేరమే. ఎవరికీ అమ్మొద్దు. నేరుగా బస్తాలో పెట్టుకుని బండి మీద బయల్దేరడం అంతకంటే ప్రమాదం, దారిలో ఆపితే లొంగదీయడానికే తెస్తున్నా అన్న మాటకి సాక్ష్యం ఉండదు. ముందు లాయర్‌తో మాట్లాడి, ఊరి పెద్దల ద్వారా స్టేషన్‌కి కబురు చేయడం మేలు. లాయర్‌కి డబ్బులెక్కడివి అనుకోవద్దు. ఎస్టీ, ఎస్సీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కలుపుతారు.