32 కిలోమీటర్ల చన్నీళ్లు

1927 జనవరి 15, పొద్దున 11 గంటల 21 నిమిషాలు. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంటా కాటలీనా దీవి ఒడ్డున 102 మంది ఒళ్లంతా గ్రీజు పట్టించి నీళ్లలోకి దిగారు. అవతలి గట్టు 32 కిలోమీటర్లు. విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద పోయే దూరం కన్నా ఎక్కువే. నీళ్ల వేడి పన్నెండు, పదమూడు డిగ్రీలు. ముందు గట్టెక్కినవారికి 25 వేల డాలర్లు. ఆ డబ్బు పెడుతున్నది చూయింగ్ గమ్ అమ్మి కోటీశ్వరుడైన విలియం రిగ్లీ.

ఎముకలు కొరికే జనవరిలోనే ఎందుకు? ఎండాకాలమైతే హోటళ్లు ఎలాగూ నిండుతాయి, చలికాలంలోనే గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి. కాటలీనాలో సముద్రపు ఆటల చరిత్ర చదివేవారు ముందుగా ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఆటకు వెనకాల తరచూ ఒక హోటలు గది కనిపిస్తుంది.

అంతకు కొన్ని వేల ఏళ్ల ముందు ఆ నీళ్లు దాటడం ఆట కాదు, బతుకు. దీవిని ‘పిము’ అని పిలిచిన టోంగ్వా జనం చెక్కలను తాళ్లతో కుట్టి, సందులకు తారు పూసి ‘తియాత్’ అనే పడవలు కట్టేవారు. దీవిలో దొరికే మెత్తటి బలపపు రాయితో గిన్నెలు చెక్కి, వాటిని ఆ పడవల్లో తీరానికి చేర్చి సరుకు మార్చుకునేవారు. 1542లో కాబ్రియో, 1602లో విజ్కాయినో అనే నావికులు స్పెయిన్ తరఫున వచ్చారు. రెండోవాడు సెయింట్ కేథరిన్ పండుగ దగ్గర పడిందని దీవికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. టోంగ్వాలను తర్వాత క్రైస్తవ మిషన్ల చుట్టూ ఉన్న ఊళ్లకు తరలించారు. దీవి గొర్రెలకూ మేకలకూ మిగిలింది.

1887లో జార్జ్ షాటో అనే భూముల వ్యాపారి దీవిని కొని ప్లాట్లు వేశాడు. మరదలు టెన్నిసన్ కావ్యంలోంచి ‘అవలాన్’ అనే పేరు ఏరి ఇస్తే ఊరికి అదే పెట్టాడు. కావ్యంలోంచి వచ్చిన పేరు అప్పులు తీర్చదు కదా, దీవి బానింగ్ అన్నదమ్ముల చేతికి పోయింది. స్టీమర్లు వాళ్ల దగ్గర ఉండేవి. ఎక్కడానికి జనమే కావాలి. 1894 నుంచి 1898 దాకా దీవి కబుర్లను లాస్ ఏంజెలిస్‌కు పావురాలు మోసుకుపోయేవి. స్టీమరు రేవుకు చేరగానే పిల్లలు ఈదుకుంటూ చుట్టూ మూగి, ప్రయాణికులు విసిరే నాణేల కోసం మునిగేవారు. అడుగున అద్దాలు బిగించిన పడవల్లో కూర్చుని చేపలు చూడటం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

ఆటకు నియమాలు పెట్టింది మాత్రం చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్. ఆయన ప్రకృతి శాస్త్రవేత్త. అవలాన్ ఒడ్డున జనం మోటు తాళ్లతో చేపలను బరబరా లాగి, తినేవి తిని మిగతావి కుళ్లబెట్టడం చూసి ఆయనకు ఒళ్లు మండింది. 1898 జూన్ 1న సన్నటి దారం, కర్ర, రీలు మాత్రమే పట్టుకుని 183 పౌండ్ల బ్లూఫిన్ సూరను పట్టాడు. మన తీరంలో సూర అంటే చేతిలో ఒదిగే చేప కావచ్చు, ఇది మనిషిని మించిన బరువు. మూడు గంటల ముప్పావు పోరాటం. అంతసేపూ చేపే పడవను లాక్కుపోయింది. ఆ ఏడే ఆయన ‘టునా క్లబ్’ పెట్టాడు. సన్నటి దారంతోనే పట్టాలి, ఒకరి సాయం తీసుకోకూడదు, చేపకు తప్పించుకునే అవకాశం ఉండాలి. ఇవీ షరతులు. వంద పౌండ్లు దాటిన సూరను పడితే చొక్కాకు పెట్టుకునే గుండీ ఒకటి ఇచ్చేవారు. ఆ గుండీ కోసం లక్షాధికారులు రోజుల తరబడి ఉప్పునీళ్లలో తడిశారు.

మనిషిని చూస్తేనే బెదిరిపోయే సూరలకు ఎర చూపించడానికి జార్జ్ ఫార్న్స్‌వర్త్ అనే పడవ సరంగు గాలిపటం ఎగరేశాడు. గాలిపటానికి వేలాడే ఎర పడవకు దూరంగా, అల మీద గెంతే చేపలా ఆడేది. సంక్రాంతికి పటాలు ఎగరేసే మనకు రాని ఆలోచన! నవలాకారుడు జేన్ గ్రే అక్కడ ఏళ్ల తరబడి గాలం వేసి, చివరికి క్లబ్బుతో తగవు పెట్టుకుని బయటికొచ్చాడు. 1929లో విన్‌స్టన్ చర్చిల్ వచ్చి, మన మత్స్యకారులు కొమ్ము కోనాం అనే కోవకు చెందిన 188 పౌండ్ల మార్లిన్‌ను కాసేపట్లోనే పట్టుకుపోయాడు. రోజుల తరబడి కాచుకున్నవాళ్ల కడుపు మండే ఉంటుంది.

1915లో అవలాన్ సగం కాలిపోయింది. బానింగ్‌లు కోలుకోలేదు. 1919లో దీవి రిగ్లీ చేతికొచ్చింది. ప్రకటనలంటే ప్రాణం పెట్టే మనిషి ఆయన. తన బేస్‌బాల్ జట్టు చికాగో కబ్స్‌ను ఏటా సాధనకు అక్కడికే తెచ్చేవాడు. 1926 ఆగస్టులో గెర్ట్రూడ్ ఎడర్లీ ఇంగ్లిష్ చానెల్ ఈదితే అమెరికా పత్రికలన్నీ ఊగిపోయాయి. ఆ ఊపు చల్లారకముందే రిగ్లీ పందెం ప్రకటించాడు. మొదట మగవాడు చేరితే, ఆ తర్వాత ముందు వచ్చిన మహిళకు 15 వేల డాలర్లు అన్నాడు.

కెనడాలోని టొరంటో నుంచి జార్జ్ యంగ్ అనే 17 ఏళ్ల కుర్రాడు స్నేహితుడితో కలిసి పాత మోటారుసైకిల్ మీద బయల్దేరాడు. అది దారిలోనే చచ్చిపోతే, ఆగిన కారునల్లా ఎక్కి కాలిఫోర్నియా చేరాడు. పోటీ రోజు సాయంత్రానికే చలికి కొయ్యబారినవాళ్లను పదుల సంఖ్యలో పడవల్లోకి లాగేశారు. యంగ్ మాత్రం తీరం దగ్గర పెరిగే కెల్ప్ అనే సముద్రపు మొక్కల చిక్కుల్లోంచి ఈదుకుంటూ తెల్లవారుజామున మూడు దాటాక పాయింట్ విసెంటే గట్టెక్కాడు. 15 గంటల 44 నిమిషాలు. చివరిదాకా చేరినవాడు అతనొక్కడే. మార్గరెట్ హౌసర్, మార్తా స్టేగర్ గట్టు కనుచూపు మేరలో ఉండగా ఆగిపోయారు. వాళ్లకు రిగ్లీ చెరో 2,500 డాలర్లు ఇచ్చాడు. మర్నాడు పత్రికల్లో కాటలీనా పేరు మారుమోగింది. 25 వేలకు అంత ప్రచారం కారుచవకే.

యంగ్ రికార్డు పాతికేళ్లు నిలిచింది. 1952 జులై 4న ఫ్లోరెన్స్ చాడ్విక్ అనే ఈతగత్తె బయల్దేరి, దాదాపు 16 గంటలు ఈది, దట్టమైన పొగమంచులో గట్టు కనబడక పడవెక్కేసింది. మిగిలింది మైలు కూడా కాదట. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఈ కథ నలిగి నలిగి పేలికైంది. సెప్టెంబరు 20న ఆమె మళ్లీ దిగి 13 గంటల 47 నిమిషాల్లో ఈది, యంగ్ సమయాన్ని దాదాపు రెండు గంటలు తగ్గించిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం అంకె ఎవరికీ గుర్తుండదు.

దీవికీ తీరానికీ మధ్య ఉన్న ఆ జలసంధి చూసింది ఈత ఒక్కటే కాదు. 1932లో టామ్ బ్లేక్ తాను రూపొందించిన లోపల బోలుగా ఉండే చెక్కపలక మీద బోర్లాపడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ 5 గంటల 53 నిమిషాల్లో దీవికి చేరాడు. 1955లో మొదలైన కాటలీనా క్లాసిక్ పలకల పందెం అదే కోవది. పొద్దెక్కకముందే దీవిలోని ఇస్త్‌మస్ దగ్గర దిగితే మాన్‌హటన్ బీచ్ వంతెన దాకా 32 మైళ్లు చేతులే తెడ్లు.

ఇప్పుడు దీవిలో 88 శాతం నేల 1972లో ఏర్పడ్డ సంరక్షణ సంస్థ చేతిలో ఉంది. అవలాన్‌లోని కాసినో భవనం ముందు మెట్లు దిగి డైవర్లు కెల్ప్ అడవిలోకి మునుగుతారు. పేరు కాసినో అయినా అక్కడ జూదం లేదు, రిగ్లీ 1929లో కట్టించిన సినిమాహాలూ నాట్యశాలా ఉన్నాయి. ఆ అడవిలో వాళ్లు వెతికేది మనిషంత సముద్రపు బాస్ చేపను. ఒకప్పుడు గాలం వేసినవాళ్లు దాన్ని కొయ్యకు వేలాడదీసి పక్కన నిలబడి ఫొటో దిగేవారు. 1982 నుంచి కాలిఫోర్నియాలో దాన్ని పట్టడం నేరం.

శాన్ పెడ్రో, లాంగ్ బీచ్ రేవుల నుంచి వేగపు పడవలో గంట ప్రయాణం. సాహసాలకు వెళ్లేవారు పొద్దున్నే నీళ్లలో దిగడం మేలు, మధ్యాహ్నం గాలి లేస్తుంది. జలసంధి ఈదేవారు ఇంకా తెలివైనవాళ్లు. రిగ్లీ పోటీ జనం చూడాలని పట్టపగలు మొదలైంది. ఇప్పటి ఈతగాళ్లు దీవి ఒడ్డున అర్ధరాత్రి వేళ, పక్కన సాగే కయాక్ దీపం వెలుగులో, చూసేవాళ్లెవరూ లేకుండా దిగుతారు.