ఆమిక్ష: విరిగిన పాలలో వెలసిన హవిస్సు

పాలు విరిగితే అశుభమని మన ఇండ్లలో ఒక భావన ఉన్నది. పాలను బుద్ధిపూర్వకంగా విరిచే విద్య ఈ దేశానికి పరాయిదని, 17వ శతాబ్దంలో హుగ్లీ తీరపు పోర్చుగీసువారి సంపర్కంతో వంగదేశానికి అబ్బినదని కొందరు చరిత్రకారుల మతం. అయితే శ్రౌతవాఙ్మయం వేరొక సాక్ష్యాన్ని చెబుతున్నది.

చాతుర్మాస్య యాగాలలో మొదటిదైన వైశ్వదేవపర్వంలో, కాగిన పాలలో పెరుగు పోయవలెనని విధి. అప్పుడు ఘనీభవించిన భాగానికి ఆమిక్ష అని పేరు. అది విశ్వేదేవతలకు హవిస్సు. వేరుపడిన తేటనీటికి వాజినమని పేరు. అది వాజి దేవతలకు. వరుణప్రఘాసపర్వంలోను వరుణునికి, మరుత్తులకు ఆమిక్షయే విహితం. నేడు మనం పనీరనీ, ఛేనా అనీ పిలిచే పదార్థానికి ఇది అతి సన్నిహితమైన పూర్వరూపం. అశుభమైన వస్తువు హవిస్సు కాజాలదు కదా!

మీమాంసకులు ఇక్కడ ఒక సూక్ష్మప్రశ్న వేశారు. ఒకే క్రియవల్ల రెండు ద్రవ్యాలు పుట్టినప్పుడు, ఆ క్రియకు ప్రయోజకమేది? జైమిని సూత్రాల చతుర్థాధ్యాయంలోని విచారణ ప్రకారం ఆమిక్షయే ప్రయోజకం; వాజినం ఆనుషంగికం. ఆమిక్ష నశిస్తే మరల పాలలో పెరుగు పోయవలసినదే. వాజినం కొరకు మాత్రమే ఆ పని మరల చేయనక్కరలేదు. ఆమిక్ష అన్యవస్తువు కాదు, ఘనీభవించిన పాలే అని వారి ఆశయం. రూపం మారినది, ద్రవ్యం నశించలేదు.

ఈ పరంపర యజ్ఞశాలకే పరిమితం కాలేదు. చరకసంహిత పీయూషాన్ని, అనగా మన జున్నుపాలను, కిలాటాలనే గడ్డకట్టిన పాల పదార్థాలతో కలిపి చెప్పి, అవి గురువులని, బలిష్ఠమైన జఠరాగ్ని కలవారికి హితమని నిర్ణయించింది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో, విరిచిన పాల ముద్దతో బియ్యపుపిండి కలిపి వేయించి, చక్కెరలో ఊర్చే భక్ష్యం కనబడుతుంది.

నేటి సాధకునికి ఇందులో ఒక వివేకం అవసరం. ఇటలీలోని పార్మిజానో రెజానో వంటి సాంప్రదాయిక చీజులు దూడ ఉదరం నుండి తీసిన రెన్నెట్‌తో గడ్డకట్టించినవి. అవి శాకాహారం కావు. చేసినవారిని అడిగి తెలుసుకొనే వీలు ఊరిలో తయారైనదానికే ఎక్కువ. ఇంటిలోనైతే సందేహమే లేదు. ఆవుపాలు పొంగు రాగానే మంట తగ్గించి, పుల్లని పెరుగు కొద్దికొద్దిగా పోసి కలపండి. తేట విడివడగానే పలుచని వస్త్రంలో వడకట్టి మూటగట్టండి. వెచ్చగా ఉండగానే బెల్లపుపొడి, ఏలకులు కలిపితే మధుర నైవేద్యం. సైంధవలవణం, మిరియాలపొడి చల్లితే రుచికరమైన ఉపాహారం.

మిగిలిన తేటను పారబోయకండి. దానితో గోధుమపిండి కలుపుకొనవచ్చు, చారు కాచుకొనవచ్చు. ప్రయోజకం కాకపోయినా వాజినానికీ ఒక దేవతను చూపినది వేదం. మనం కోరి చేసిన ఫలమే కాక, కోరకుండా చేతికి వచ్చినదీ అర్పణీయమే.